ఎనిమిది ఇళ్ళ బొంత

ఏటా జనవరిలో మా లూథరన్ చర్చి కింది గదిలో బుల్లి బొంతల మార్పిడి జరుగుతుంది. రెండు అరచేతులంత బొంత. ఎవరు ఎవరికి కుట్టాలో నవంబరులోనే చీటీలు తీస్తాం. చీటీలో ఏ పేరు వచ్చిందో ఆ రోజుదాకా బయటపెట్టకూడదు. బొంతని కాగితం సంచిలో పెట్టి, పైన ఎవరికో రాసి, బల్ల మీద పెట్టాలి. బొంత వెనకాల కుట్టినవాళ్ళ పేరు రాసిన గుడ్డముక్క తప్పకుండా ఉండాలి. నియమాలు ఇంతే. ఇంత చిన్న నియమాలు కూడా చదువుకున్న ఆడవాళ్ళు పాటించలేరంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కిందటేడు అందరి ఆటలూ సాగాయి. ఒకావిడ ముక్కలు కుట్టకుండా జిగురుతో అంటించింది. ఇంకొకావిడ అంచు పట్టీ కొట్టులో కొనుక్కొచ్చి అతికించింది. అడిగితే "మార్లిస్, ఇది సరదాకి కదా" అన్నారు. అవును, సరదాకే. కానీ ఏర్పాట్లన్నీ చూసేది నేను, కాఫీ కాచేది నేను, చివర్లో నేల ఊడ్చేదీ నేనే.

నేను హైస్కూల్లో జామెట్రీ చెప్తాను. మూలకి మూల కలవకపోతే నాకు నిద్ర పట్టదు. ముప్పై ఏళ్ళుగా నా స్నేహితురాలైన ట్వైలా దీనికి పూర్తిగా ఎదురు. ఆమె కుట్టిన నక్షత్రానికి ఏదో ఒక కొన తెగిపోయి ఉంటుంది. చూపిస్తే "గుర్రం మీద పోయేవాడికి కనబడదులే" అంటుంది. బొంతలు కుట్టేవాళ్ళలో అది పాత మాటే. ట్వైలా దాన్ని బతుకంతటికీ వాడుకుంది. మా ఇంటి వెనకున్న వంటింటి తలుపు కూడా మోచేత్తో కొడుతుంది, చేతిలో ఎప్పుడూ ఏదో గిన్నె ఉంటుంది కనక. రెండు చిన్న దెబ్బలు, ఆ తర్వాత ఒక పెద్దది. టక్ టక్... ధబ్. గిన్నె లేని రోజు కూడా అలాగే కొడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నానికే మంచు ముదిరింది. రేడియోలో హెచ్చరిక రాగానే అందరూ తమ తమ సంచులు చంకన పెట్టుకుని పరుగులు తీశారు. ఎంగిలి పళ్ళాలు, సగం తిన్న నిమ్మకాయ కేకు ముక్కలు, కాఫీ డేగిశా నాకు మిగిలాయి. నా కారులో వచ్చింది కాబట్టి ట్వైలా మిగిలింది. కర్రతో నడిచే ఆర్డిస్, దారిలో మంచు తోసే బండి వచ్చేదాకా కదలనని కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. మా బొంతల సంఘానికి ఒకప్పుడు అధ్యక్షురాలు, ఇప్పటికీ తనే అనుకుంటుంది.

గిన్నెలు కడగడం అయ్యాక నా సంచి విప్పాను.

ముదురు నీలం గుడ్డ. దాని మీద గుండ్రంగా ఎనిమిది ఇళ్ళు అతికి కుట్టి ఉన్నాయి. ఎర్ర గోడలు, నల్ల కప్పులు, ఒక్కోదానికి ఒక పసుపు కిటికీ, ఒక తెల్ల తలుపు. కప్పులు బయటికి, తలుపులు లోపలికి. ఎనిమిది ఇళ్ళూ మధ్యలో ఉన్న వాకిలి వైపు చూస్తూ కూర్చున్నట్టున్నాయి. కుట్టు ఎంత సన్నగా ఉందంటే, కళ్ళద్దాలు మార్చుకుని చూడాల్సి వచ్చింది. ఒక్క తప్పు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఏడు ఇళ్ళు సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదోది తిరగబడి ఉంది. కప్పు లోపలికి, తలుపు బయటికి.

వెనక్కి తిప్పి చూశాను. పేరు లేదు.

"ఎవరిదిది? పేరేదీ?" అన్నాను.

ట్వైలా కాఫీ కప్పులోకి చూసుకుంటూ, "నీ చీటీ నాకే వచ్చింది. ముందు బాగుందో లేదో చెప్పు మహాతల్లీ" అంది.

"ఇది నువ్వు కుట్టింది కాదు."

"ఎందుకు కాదూ?"

"కొనలు కలిశాయి."

ట్వైలా పగలబడి నవ్వింది. ఆర్డిస్ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"సరే, కోప్పడకు" అంది ట్వైలా. "పండక్కి మనవలొచ్చారు, వాళ్ళతోపాటు వాంతులూ విరేచనాలూ వచ్చాయి. నీ నక్షత్రం సగంలోనే ఆగిపోయింది. ఇవాళ పొద్దున పోయినవాళ్ళ బీరువా వెతికితే అట్టడుగున ఇది దొరికింది. పక్కన దారం చుట్ట కూడా ఉంది. ఎవరు కుట్టిందో, పాపం. ఇంత అందమైనది చీకట్లో మగ్గడమెందుకని సంచిలో వేసేశా."

మా సంఘంలో ఎవరైనా పోతే వాళ్ళ గుడ్డముక్కలు, సగంలో ఆగిన పనులు ఆ బీరువాలో పెడతాం. తీరికున్నవాళ్ళు తీసి పూర్తి చేస్తారు. అది మేం పోయినవాళ్ళకి చేసే మర్యాద. అంతేగానీ తీసుకొచ్చి తన పనిగా చూపించుకోవడానికి కాదు.

"నీకు సిగ్గు లేదు" అన్నాను.

"నీకు సరిపడా ఉందిగా, ఇద్దరికీ అదే చాలు."

ఇంక ఈమెతో ఏం మాట్లాడతాం? కోపం చేతుల్లోకి దిగింది. కుట్టుపెట్టె తెరిచి రిప్పర్ తీశాను. కుట్లు విప్పే ఆ చిన్న కొక్కెం నా చేతిలో కంటే ఆ పెట్టెలోనే ఎక్కువ కాలం గడిపింది.

"ఏం చేస్తున్నావ్?" అంది ఆర్డిస్.

"పూర్తి చేస్తున్నాను. ఈ ఒక్క ఇల్లూ సరిగా తిప్పి కుడితే అయిపోతుంది."

"దాన్ని కదపకు. ఒక తలుపు బయటికి ఉండాలి."

"ఎందుకు?"

"నాకేం తెలుసు? మా మేనత్త అనేది. ఇళ్ళు గుండ్రంగా కుడితే ఒకటి తిప్పి కుట్టాలని."

"కొత్త బొంత మీద ముందు పిల్లిని పడుకోబెట్టాలని కూడా మీ మేనత్తే అంది. శుక్రవారం సూది పట్టకూడదని కూడా ఆవిడే అంది."

"పిల్లి విషయంలో ఆవిడ మాటే నిజమైంది" అని గొణిగి ఆర్డిస్ శాలువా కప్పుకుంది. ఆమె ప్రతిదానికీ ఒక శకునం చెప్తుంది. అందుకే ఆమె చెప్పినవేవీ ఎవరికీ గుర్తుండవు.

కుట్లు సులువుగానే వచ్చాయి. చివరి కుట్టు తెగి ఆ ఇల్లు చేతిలోకి రాగానే వేళ్ళకి చల్లగా తగిలింది. కిటికీ సందులోంచి వచ్చే గాలిలాగా. దాంతోపాటు ఒక వాసన. తడిసిన కట్టెలు, చల్లారిన పొయ్యి, ఏళ్ళ తరబడి తలుపు తీయని గది. కింది గది వాసనేలే అనుకున్నాను. ఇంటిని తిప్పి, కప్పు బయటికి, తలుపు లోపలికి సరిచేశాను. బీరువాలో దొరికిన దారం చుట్ట ట్వైలా దగ్గరే ఉంటే అదే వాడాను. కుట్టు కనబడకుండా కుట్టడం ఒక్కటే నాకు తెలిసిన గారడీ. ఆ మధ్యాహ్నం నా చేయి ఎప్పటికంటే బాగా సాగింది.

"ఇప్పుడు చెప్పు, నేను తిప్పింది ఏది?" అని బొంతని బల్ల మీద పెట్టాను.

ట్వైలా కళ్ళు మూసుకుని దాన్ని బల్ల మీద గిర్రున రెండు మూడు చుట్లు తిప్పింది. కళ్ళు తెరిచి వంగి చూసింది. వేలితో తడిమింది. కొవ్వొత్తి ఊదినట్టు మూతి పెట్టి, "ఓడిపోయాను. నువ్వే చెప్పు" అంది.

నేనూ చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎక్కడా పై లేదు, కింద లేదు. వెనకాల పేరు లేదు. నా పని నాకే కనబడలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది.

అప్పుడే కరెంటు పోయింది.

*

శీతాకాలంలో మా ఊళ్ళో సాయంకాలం అంటూ ఉండదు. మధ్యాహ్నం అయ్యాక చీకటే. క్రిస్మస్ ముందురోజు పాటల కోసం తెచ్చిన కొవ్వొత్తులు, చేతి మీద మైనం పడకుండా కాగితం తొడుగులతో సహా, అరలో ఒక పెట్టెడు ఉన్నాయి. రెండు వెలిగించాను. హీటరు ఆగిపోయింది. అది రోజంతా చేసిన మోత ఆగేదాకా నాకు తెలియలేదు. తర్వాత అంతా నిశ్శబ్దం... బయట మంచు కూడా చప్పుడు లేకుండానే పడుతోంది.

"ఇక్కడ సిగ్నల్ రాదు. పైకెళ్ళి బండివాళ్ళకి ఫోన్ చేసొస్తా" అంది ట్వైలా. ఆకుపచ్చ స్వెటర్ గుండీలు పెట్టుకుంది, ఒకటి వదిలేసి ఒకటి. ఆమె గుండీలు ఎప్పుడూ వరస తప్పే ఉంటాయి.

"గుండీలు" అన్నాను.

"గుర్రం మీద పోయేవాడికి..." అంటూ మెట్లెక్కింది.

నెత్తి మీద చెక్క నేల మీద ఆమె అడుగులు వినబడ్డాయి. బల్లల మధ్య నుంచి వేదిక వైపు. తర్వాత ఆగాయి. సిగ్నల్ దొరికిందనుకున్నాను. మాట మాత్రం వినబడలేదు. ట్వైలా ఫోన్లో మాట్లాడితే పక్కింటికి కూడా వినబడుతుంది.

ఆగాం.

"చాలాసేపయింది" అంది ఆర్డిస్.

విసుక్కుంటూ కొవ్వొత్తి పట్టుకుని పైకి వెళ్ళాను. చర్చి ఖాళీ. రంగుటద్దాల కిటికీలు బూడిద రంగులో ఉన్నాయి. మూడో వరస బల్ల మీద ట్వైలా ఫోను వెలుగుతోంది, నంబరు సగం నొక్కి ఉంది. వీధి తలుపు లోపలి నుంచి గడియ వేసే ఉంది. తీసి చూశాను. గడప మీద మంచు మోకాలెత్తు పేరుకుంది. దాని మీద ఒక్క గీత లేదు. పక్క గది, పాటలవాళ్ళ గది, బాత్రూమ్ అన్నీ చూశాను. "ట్వైలా! చాల్లే ఇంక, ఆటలా?" అని అరిచాను. నా గొంతే తిరిగి వచ్చింది.

ఆ వాసన మాత్రం అక్కడ ఉంది. తడిసిన కట్టెలు. చల్లారిన పొయ్యి.

కిందికి దిగేసరికి ఆర్డిస్ కుర్చీ బల్లకి దూరంగా జరుపుకుని ఉంది. కర్రని రెండు చేతులతో పట్టుకుంది. బొంత వైపు చూస్తోంది.

"విను" అంది గుసగుసగా.

టక్ టక్... ధబ్.

ఎక్కడో చాలా దూరం నుంచి వచ్చినట్టు, కానీ బల్ల మీంచే. దెబ్బ పడ్డప్పుడల్లా కొవ్వొత్తి మంట కొంచెం వణికింది.

టక్ టక్... ధబ్.

మోచేయి. గిన్నె లేకపోయినా మోచేయి.

బల్ల అంచు పట్టుకున్నాను. ఆర్డిస్ గొంతు తగ్గించి, "లోపల ఉంది. బయటికి తలుపు లేదు. నువ్వే మూశావు. మళ్ళీ తిప్పు, వెంటనే తిప్పు" అంది.

రిప్పర్ తీశాను. బొంత మీదికి వంగాను.

ఎనిమిది ఇళ్ళు. ఎనిమిది కప్పులు. ఎనిమిది పసుపు కిటికీలు.

"ఏది?" అంది ఆర్డిస్.

నాకు తెలియలేదు. ట్వైలా గిర్రున తిప్పేసింది. దారం అదే దారం, కుట్టు అదే కుట్టు. ముప్పై ఏళ్ళుగా ఏ నైపుణ్యం చూసుకుని మురిసిపోయానో, అది నా మొహం మీదే తలుపేసింది. చెవి ఆనించాను. ఒక ఇంటి మీద ఆనిస్తే చప్పుడు పక్కింట్లోంచి వచ్చింది. పక్కింటి మీద ఆనిస్తే దాని అవతలి ఇంట్లోంచి. ఏడుపొచ్చేంత విసుగు...

"అన్నీ విప్పేస్తాను. ఎనిమిదీ తిప్పేస్తాను" అన్నాను.

ఆర్డిస్ నా మణికట్టు పట్టుకుంది. ముసలి చేయి, ఉడుంపట్టు.

"మిగతా ఇళ్ళలో ఎవరున్నారో నీకు తెలుసా?"

చప్పుడు నెమ్మదించింది. టక్... టక్... పెద్ద దెబ్బ పడలేదు.

ఆలోచించమని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కో ఇంటినీ కొవ్వొత్తి దగ్గరగా పెట్టి చూశాను. కుట్టిన చేయి ఎంత గొప్పదైనా ఎక్కడో ఒక వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఏడింటిలో ఉంది. ఒక్కదానిలో లేదు. దాని మూలలు గీత గీసినట్టున్నాయి. తలుపు అచ్చంగా నడిమధ్యన ఉంది. అన్నిట్లోకీ కచ్చితంగా ఉన్నది నాదే అయ్యుంటుందనుకున్నాను.

అవును, అలాగే అనుకున్నాను.

విప్పాను. చల్లగాలి కొవ్వొత్తి ఒకటి ఆర్పేసింది. వేళ్ళు కొంకర్లు పోతుంటే ఇంటిని తిప్పి, తలుపు బయటికి పెట్టి కుట్టాను. వంకరగా కుట్టాను. నా జన్మలో అంత చెత్తగా కుట్టలేదు. చివరి ముడి వేసి దారం తెంపాను.

చప్పుడు ఆగింది.

పైన నేల మీద అడుగులు. నిదానంగా, ఒకేలా. వేదిక దగ్గర్నుంచి బల్లల మధ్యగా మెట్ల దాకా. మెట్లు దిగి ట్వైలా గుమ్మంలో నిలబడింది.

"ఏంటలా చూస్తున్నారు? పైన కూడా సిగ్నల్ లేదు" అంది.

పరుగెత్తి వాటేసుకున్నాను. ఆమె ఒళ్ళు మంచుముద్దలా ఉంది. నా వీపు మీద మెల్లగా తట్టింది. "ఏమైంది మార్లిస్, భయపడ్డావా?" అంది. ఏడుస్తూ నవ్వాను. ఆర్డిస్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ట్వైలా స్వెటర్ వైపే చూస్తోంది.

గుండీలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి.

*

కాసేపటికి బండి వచ్చింది, దారి తోసింది. ఇళ్ళకి వెళ్ళాం. పొద్దున్నే ట్వైలా ఫోన్ చేసి పళ్ళాలు మర్చిపోయానంది. అంతా మామూలే. నేనూ మామూలే అనుకున్నాను. భయంలో చెవులు మోసం చేస్తాయి, చన్నీళ్ళ గొట్టాలు టక్ టక్ మంటాయి అని సర్దిచెప్పుకున్నాను. నేను లెక్కలు చెప్పే మనిషిని.

వసంతంలో జిల్లా పోటీకి ట్వైలా ఒక నక్షత్రాల బొంత పంపింది. మొదటి బహుమతి, నీలం రిబ్బను వచ్చింది. సంఘంలో అందరూ చప్పట్లు కొట్టారు. "మార్లిస్, ఇన్నాళ్ళకి నీ పాఠాలు తలకెక్కాయి!" అని నన్నే అభినందించారు. నేను ఆ బొంత దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్కొక్క నక్షత్రాన్నీ వేలితో తడిమాను. ఒక్క కొన కూడా తెగలేదు. ఇదంతా ఎవరికి చెప్పను? నా స్నేహితురాలు బాగా కుట్టడం మొదలుపెట్టిందని పోలీసులకి ఫిర్యాదు చేయనా? ఆమె మొగుడికి చెప్పి చూశాను. "ఇల్లు కూడా శుభ్రంగా ఉంచుతోంది. నీకేం నొప్పి?" అన్నాడు. ఆర్డిస్ మార్పిడికి రావడం మానేసింది. ఫోన్ చేస్తే నా పేరు వినగానే పెట్టేస్తుంది.

ఇప్పుడు ట్వైలా మా వంటింటి తలుపు వేళ్ళతో కొడుతుంది. మూడు దెబ్బలు, మూడూ సమానం. వచ్చినప్పుడల్లా ఒకే మాట అడుగుతుంది.

"ఆ చిన్న బొంత ఉందా ఇంకా? ఇలా ఇవ్వు. ఆ ఒక్క ఇల్లూ వంకరగా ఉండిపోయింది. సరిచేసి ఇస్తాను."

ఇవ్వలేదు. అలమారాలో దుప్పట్ల కింద దాచాను. వంకరగా కుట్టిన ఆ తలుపు ఇంకా బయటికే తెరిచి ఉంది. దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేదు.

నిన్న మళ్ళీ మంచు పడింది. మా ఆయన గొడ్ల దాణాకి వెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకి వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే వినబడింది. టక్ టక్... ధబ్. కత్తి పక్కన పడేసి వంటింటి తలుపు తీశాను. ఎవరూ లేరు. మంచు మీద గీత లేదు.

టక్ టక్... ధబ్.

అలమారాలోంచి.

బొంత తెచ్చి బల్ల మీద పరిచాను. లోపలికి చూసే ఏడు తలుపులు. అసలు ట్వైలా ఇంకా అక్కడే ఉంది. ఏడాదిగా మోచేత్తో కొడుతూ... నేను వినలేదు. ఈసారి కచ్చితంగా ఉన్నదాన్ని వెతకలేదు. ఆ రోజు విసుగుతో, కోపంతో ఉన్న నా చేయి ఎలా కుట్టి ఉంటుందో ఆలోచించాను. ఒక ఇంటి కప్పు కొన వెంట్రుకంత పక్కకి ఒరిగి ఉంది. నాదే. ఇదే అయ్యుండాలి. రిప్పర్ కొన మొదటి కుట్టు కింద పెట్టాను.

అప్పుడు వంటింటి తలుపు మీద చప్పుడయింది. మూడు దెబ్బలు. మూడూ సమానం.

నేను కదల్లేదు. చప్పుడు ఆగింది. వేలితో రిప్పర్ని కొంచెం... కొంచెమే ముందుకి నెట్టాను.

"అది కాదు, మార్లిస్."

ట్వైలా గొంతు. మెల్లగా, చెవి దగ్గరే.

తలుపు అవతలి నుంచి వచ్చిందో, బల్ల మీంచి వచ్చిందో నాకు తెలియలేదు.